అందరికీ మొదటి వంతే

ఈమధ్య మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు ఫోన్ చేసి, "సార్, మీరు రిటైరయ్యే ముందు ఒక యాప్ చేశారంట గదా, దాని గురించి రాయండి" అని అడిగారు. "చేశారంట గదా" అన్నచోట అవతల ఎవరో కిసుక్కున నవ్వడం నాకు వినిపించింది. అంటే కథ వాళ్లదాకా ముందే చేరింది. ఆ చేరిన కథలో నేనెంత తెలివితక్కువవాణ్నో నాకు తెలియదు. అందుకే తగ్గకుండా, మించకుండా, సరైన పాళ్లలో నేనే చెప్పుకోవడం మేలనిపించింది.

నేను పనిచేసింది ఉమ్మడి బోర్ల పథకంలో. మా అనంతపురం మెట్టలో వానను నమ్మి శనక్కాయ వేసేవాళ్లే ఎక్కువ. విత్తనం వేసేదాకా ఊరించిన వాన, పైరుకు కాయ కాసే ఊడలు మట్టిలోకి దిగే వేళకు మొహం చాటేస్తుంది. సరిగ్గా అప్పుడు ఒక్క తడి ఇవ్వగలిగితే పంట నిలబడుతుంది, లేకపోతే పశువుల మేతకు కూడా చాలదు. అందుకని బోరున్న రైతుల్నీ, బోరు లేని ఇరుగుపొరుగు రైతుల్నీ కూర్చోబెట్టి ఒక సంఘం చేసేవాళ్లం. కొత్తగా ఎవరూ బోరు వేయకూడదు, ఉన్న నీళ్లు అందరూ పంచుకోవాలి. అందరి చేలకూ పైపులైను మేం వేసిస్తాం. వాన లేనప్పుడు వంతులవారీగా ఒక్కో చేనుకు స్ప్రింక్లర్లతో ఒక తడి. వినడానికి ఎంతో బాగుంటుంది. మీటింగులో చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకునేవాణ్ని. గొడవంతా ఆ వంతుల దగ్గరే ఉందని మీటింగు అయిపోయాక తెలిసేది.

బెళుగుప్ప దాటి లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్లో బోరు పెద్దాయన ఒకాయన ఉండేవాడు. నీళ్లు ఆయన బోరువి కాబట్టి మొదటి తడి ఆయన చేనుకు. ఆ తర్వాత పైపు పోయిన వరసన ఒక్కొక్కరికి. పైపు చివర ఒకామె చేను. మొగుడు పోయాక ఒంటిచేత్తో సేద్యం చేసుకుంటోంది. ఆమెది గరుసు నేల, వాన పడిన మూడోనాటికే తడి ఆరిపోతుంది. ముందటి ఏడు ఆమె వంతు వచ్చేసరికి చేన్లో తడపడానికి ఏమీ మిగల్లేదు. ఆ ఏడు మళ్లీ విత్తనం వేసి, నాతో ఒక్కటే మాట చెప్పింది.

"సారూ, ఈ తూరి గూడ నా వంతు ఆఖరుకే వచ్చే పనైతే, చేను ఎవురికన్నా కోరుకు ఇచ్చేసి బెంగళూరికి పోతా. ఆడ బిల్డింగుల కాడ కూలి దొరుకుతాది. నీ పైపు కోసరమని నేను ఈడ కూసోలేను."

"నీ పైపు" అన్నది చూడండి, ఆ మాటకు నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. "లేదమ్మా, ఈసారి ఎవరి చేనుకు తొందరో కంప్యూటరే చెప్తుంది" అని మాట ఇచ్చేశాను. అప్పటికి నాకు కంప్యూటరులో వచ్చిందల్లా జీతం స్లిప్పు ప్రింటు తీసుకోవడం.

అదే ఏడు ఆఫీసులో అందరికీ పైథాన్ అనే కంప్యూటరు భాష నేర్పిస్తామని శిక్షణ పెట్టారు. నా వయసు వాళ్లంతా వెనక వరసలో కునికిపాట్లు పడ్డారు. నేను మాత్రం ముందు వరసలో కూర్చుని రాసుకున్నాను. చదువు మీద ప్రేమ అనుకునేరు. రిటైరయ్యే ప్రతివాడికీ శాలువా కప్పుతారు, నాకు శాలువాతో పాటు నా పేరు చెప్పుకునే వస్తువు ఒకటి ఆ ఆఫీసులో మిగలాలని దురాశ.

పైథాన్‌లో ఫంక్షన్ అనేది పిండిమర లాంటిది. పైన ఏది పోస్తే కింద దాని పిండే వస్తుంది. ఎవరు పోశారు, నిన్న ఏం పోశారు అనేది మరకు గుర్తుండదు. ఈ ఆఖరి సంగతి శిక్షణలో చెప్పారు, నేను రాసుకున్నాను, కింద గీత కూడా గీసుకున్నాను. అర్థం చేసుకోవడం ఒక్కటే మిగిలిపోయింది.

నేను రాసిన మొట్టమొదటి ఫంక్షన్‌కు మీ పేరు ఇస్తే, "నమస్కారం, ఫలానా గారూ" అంటుంది. అంతే. నా పేరు నేనే కొట్టుకుని, నాకు నేనే గారూ అనిపించుకుని, ఒక పూటంతా సంబరపడ్డాను. తర్వాత వంతుల ఫంక్షన్ రాశాను. నేల ఏ రకం, ఏ కార్తెలో విత్తనం వేశారు, నేల తడిసే ఆఖరి వాన, అదే పదును, ఎన్నాళ్ల కిందట అయింది, ఈ మూడూ ఇస్తే ఆ చేనుకు నీళ్లు ఎంత తొందరో నూటికి మార్కులు వేస్తుంది. తొంభై దాటితే "మీ చేనుకు మొదటి వంతు" అని చెప్తుంది. తొంభై దాటేది ఒక్కరికేనని నాకెవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు.

ఫంక్షన్ ఉంది సరే, ఊళ్లోవాళ్లు దాన్ని ఎట్లా వాడాలి? నా పక్క టేబులు ఇంజనీరమ్మాయి, రోజూ గుత్తి నుంచి రైల్లో వచ్చేది. నా అవస్థ చూసి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పేజీ కోసం ఎవుర్నీ బతిమాలుకునే పన్లేదు సార్. ఫంక్షన్ చేతికిస్తే పేజీ అదే కట్టిచ్చే లైబ్రరీ ఉండాది. పెట్టెలు, బటను అన్నీ అదే పెడ్తాది. షేర్ అని ఒక్క మాట చేరిస్తే లింకు గూడ ఇస్తాది. ఆ లింకు వాట్సాప్‌లో వేస్తే ఎవురి ఫోన్లోనైనా తెరుచుకుంటాది."

నిజంగానే మూడు నాలుగు లైన్లలో పేజీ వచ్చేసింది. రంగులు లేవు, బొమ్మలు లేవు, కానీ పెట్టెలున్నాయి, కింద బటన్ ఉంది. ఒక్క ముక్క అలంకారం నేర్చుకోకుండా నేను వెబ్‌సైటు యజమానినైపోయాను. "మొదట్లో ఆ నమస్కారం ఎందుకు సార్, తీసేద్దాం" అందా అమ్మాయి. నా తొలిచూలు ఫంక్షన్ అది, తీయనిస్తానా? అట్లాగే ఉంచి, దాని కిందే వంతుల ఫంక్షన్ అతికించాను. విత్తిన తేదీ కోసం ముందు క్యాలెండరు పెట్టాను. ఆ ఊళ్లో ఎవరినడిగినా కార్తె చెప్తారు తప్ప తేదీ చెప్పరని గుర్తొచ్చి, క్యాలెండరు పీకేసి ఆరుద్ర, పునర్వసు, పుష్యమి అని పెట్టాను. ఈ యవ్వారం మొత్తంలో నేను చేసిన తెలివైన పని బహుశా ఇదొక్కటే.

"సార్, రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి" అందా అమ్మాయి. "ఒకటి, ఈ పేజీ ఎక్కడో ఆకాశంలో లేదు. మీ ల్యాప్‌టాప్‌లోనే నడుస్తాంది. మీరు మూత మూస్తే ఊళ్లో అందరికీ మూసుకుంటాది. రెండోది..."

"ఒకటి చాలు తల్లీ, ఈ వయసులో రెండెక్కడ గుర్తుంటాయి" అని లేచిపోయాను. పెద్దరికం అంటే అదే కదా మరి.

లింకు ఊరి గ్రూపులో వేశాను. ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చి, ఛార్జరు పెట్టి, మూత తెరిచి, ఫ్యాను గాలి తగిలే చోట బల్ల మీద పెట్టాను. పనిమనిషి తుడవబోతే వద్దన్నాను. మనవరాలు తాకబోతే కసిరాను. మా ఆవిడ చూసి చూసి, "పురిటి బిడ్డను చూసుకున్నట్టు చూసుకుంటాండారు. వాము నీళ్లు గూడ పట్టిస్తారా ఏంది?" అంది.

ఊళ్లో ఎవరు బటన్ నొక్కినా నా తెరమీద ప్రోగ్రాం నడిచే నల్ల కిటికీలో ఒక గీత పడుతుంది. మొదటి రోజు గీతలు చినుకుల్లా పడ్డాయి. రెండోరోజు జల్లు. ఆ తర్వాత ఒకటే వాన. ఆ ఊళ్లో ఉన్న రైతులు ఎందరు, ఈ గీతలు ఎన్ని అని ఒక్కసారి లెక్కపెట్టుకున్నా బాగుండేది. నేను మాత్రం మా ఆవిడను పిలిచి, "చూడు, జనానికి టెక్నాలజీ మీద ఎంత ఆసక్తో" అని చూపించాను. మా పెద్దసారుకు ఫోన్ చేసి కూడా చెప్పాను. ఆయన "శభాష్" అన్నాడు. ఆ శభాష్ తర్వాత ఆయన వెనక్కి తీసుకున్నాడనుకోండి.

మఖ కార్తె వచ్చింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. శనక్కాయ ఊడలు దిగుతోంది, ఆకు పొద్దునే ముడుచుకుంటోంది. తొలి తడి మొదలుపెట్టాల్సిన రోజున పొద్దున్నే బోరు పెద్దాయన ఫోన్ చేశాడు.

"సారూ, బిన్నా రా. ఈడ వాల్వు కాడ జనం కొట్టుకునేట్టుండారు. కరెంటు మధ్యాన్నం దాకానే ఉంటాది."

ఏదో పైపు పగిలిందనుకున్నాను. అవసరం పడొచ్చని ల్యాప్‌టాప్ బ్యాగులో వేసుకుని బండి మీద బయల్దేరాను. ఇంత తెలివైన మీరు ఈ వాక్యంలోనే పట్టేసి ఉంటారు. నాకు మాత్రం ఊరు చేరేదాకా తట్టలేదు.

వాల్వు దగ్గర సిమెంటు గట్టు చుట్టూ అందరూ నిలబడి ఉన్నారు. ప్రతివాళ్ల చేతిలో ఫోన్. ప్రతి ఫోన్‌లో నా పేజీ ఫొటో. "నమస్కారం, ఫలానా గారూ. మీ చేనుకు మొదటి వంతు." పక్క ఫోన్‌లోనూ అదే. దాని పక్కదాంట్లోనూ అదే. బోరు పెద్దాయన ఫోన్‌లో మార్కులు నూటికి నూరు. చదువుకునే రోజుల్లో నేను ఎప్పుడూ చూడని మార్కులవి.

నల్ల కిటికీలో వాన ఎందుకు పడిందో అప్పుడు అర్థమైంది. మొదటి వంతు వచ్చేదాకా నేల మార్చి, కార్తె మార్చి, పదును మార్చి నొక్కుతూనే ఉన్నారు. మొదటి వంతు రాగానే ఫొటో తీసిపెట్టుకున్నారు.

"నీ కంప్యూటరే చెప్పింది గదా సారూ, నీళ్లు నాకే ఇడువు" అన్నాడొకడు.

"యా కంప్యూటరు? నా ఫోన్లో గూడ ఆ కంప్యూటరే. నాకూ మొదటిదే వచ్చిండాది."

ఊరందరికీ ట్రాక్టరు గొర్రుతో విత్తనం వేసే ఆయన ఒకడు, కొంచెం నెమ్మదస్తుడు. "ఫొటోలు ఎందుకు, అవి ఎప్పుడెప్పుడివో, సారు ముందర ఇప్పుడు ఇంగోసారి నొక్కండప్పా" అన్నాడు. అందరూ లింకు నొక్కారు. ఎవరికీ తెరుచుకోలేదు. తెల్లటి పేజీ మీద ఏదో ఎర్రర్ అని ఇంగ్లీషులో ఉంది. అప్పటిదాకా ఒకరి మీద ఒకరికి ఉన్న కోపం మొత్తం నామీదికి తిరిగింది. సిగ్నల్ లేదేమోనని గట్టెక్కి ఇంజనీరమ్మాయికి ఫోన్ చేశాను.

"సార్, ల్యాప్‌టాప్ యాడుంది?"

"బ్యాగులో."

"మూత?" అంది.

"మూసే ఉంది" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి పడ్డ యాతన ఫోన్లోంచి తెలుస్తోంది. చివరికి, "సరే సార్. లింకు మళ్లీ రావాలంటే నెట్ కావాల. నెట్ లేకపోయినా మీ ల్యాప్‌టాప్ తెరమీద మాత్రం పేజీ తెరుచుకుంటాది. దాంట్లోనే అందరివీ నింపండి" అంది.

వేరే దారి లేదు. చివరి చేనామె జనం వెనక నిలబడి ఉంది. ఆమెకు అలాంటి ఫోన్ లేదు. పక్కింటివాళ్ల ఫోన్‌లో ఒకేఒక్కసారి ఉన్నదున్నట్టు నింపిందట. మొదటి వంతు రాలేదట. ఆ మాట ట్రాక్టరాయనే నా చెవిలో చెప్పాడు. ఆమె నన్ను తిట్టి ఉంటే హాయిగా ఉండేది. పొద్దు పైకి పోతోంది, కరెంటు పోతే ఆ రోజుకు అంతే, రేపటికి గరుసు చేన్లో ఊడ మట్టిలో దిగదు.

సిమెంటు గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టి తెరిచాను. ఎండకు తెర కనపడకపోతే ఇద్దరు తువ్వాలు పట్టుకున్నారు. ఆ తువ్వాలు కింద తల పెట్టి, జాతరలో బయస్కోపు చూపించేవాడిలా కూర్చుని, "ఒక్కొక్కరు రండి" అన్నాను. మొదట బోరు పెద్దాయన. పేరు కొట్టాను, "నమస్కారం" అని గారూ కలిపి పైకి చదివాను. అందరూ నవ్వారు.

"నేల ఏ రకం పెద్దాయనా?"

"గరుసు" అన్నాడు, ఆకాశంలోకి చూస్తూ.

ట్రాక్టరాయన పగలబడి నవ్వాడు. "ఏమన్నా, పోయినేడు నీ చేన్లో నా ట్రాక్టరు దిగబడితే ఊరంతా వచ్చి లాగితిమి గదా. గరుసులో దిగబడిందా అది?"

పెద్దాయన కూడా నవ్వేశాడు. "రేగడే రాసుకో సారూ. పోనీ, చెప్పి చూసినాలే."

నూరు మార్కులు ఒక్కసారిగా సగానికి పడిపోయాయి. తర్వాత ట్రాక్టరాయన వంతు. ఆరుద్రలో వేశానన్నాడు, ముందు వేసిన చేనుకు మార్కులెక్కువ గదా. "యాడప్పా, ఊరందరి చేన్లు అయినంక ఆఖరున నీది ఏసుకుంటివి, పుష్యమి కార్తె సగం పోయిండె" అని నలుగురు ఒక్కసారే అన్నారు. ఆయన తల గోక్కుని ఒప్పుకున్నాడు. ఫోన్ పట్టుకుని ఒంటరిగా గదిలో కూర్చుంటే ఎవరి నేలైనా గరుసే. వాల్వు దగ్గర, ఆ చేన్లో నాగలి తోలినవాళ్ల ముందు, ఎవరి నేల వాళ్లదే అయిపోయింది. తర్వాతివాళ్లు తమంతట తామే నిజం చెప్పడం మొదలుపెట్టారు, నవ్వులపాలు కావడం ఇష్టంలేక.

చివరికి ఆమెను పిలిచాను. నేల గరుసు, ఎవరూ కాదనలేదు. విత్తనం ఆరుద్రలో, అదీ ఎవరూ కాదనలేదు. "ఆఖరి పదును ఎప్పుడమ్మా?" అన్నాను.

"మొన్న ఒగ తుంపర పడె గదా సారూ. అదే రాయల్ల గదా" అంది మెల్లగా.

అదీ సంగతి. వాళ్లంతా పదును దాచేస్తే, ఈమె తుంపరను కూడా పదును కింద కట్టింది. నేను వేలు ఆ పెట్టె మీద పెట్టి ఆగిపోయాను. అప్పుడు బోరు పెద్దాయన గట్టిగా అరిచాడు.

"యా తుంపర? దుమ్ము గూడ అణగలే. అది పదునంటే నవ్వుతారు. అది రాయొద్దు సారూ, దాని ముందర పడిన వాన రాయి. ఏమప్పా, ఎవురన్నా కాదంటారా?"

ఎవరూ కాదనలేదు. పదును మార్చి బటన్ నొక్కాను. తొంభై దాటింది. గొంతు సవరించుకుని ఆమె పేరు పెట్టి, గారూ అని చదివి, "మీ చేనుకు మొదటి వంతు" అన్నాను.

ఆమె కదల్లేదు. "ఇంగోసారి సదువు సారూ" అంది.

"మీ చేనుకు మొదటి వంతు."

"అది గాదు. దానికి ముందరిది."

నమస్కారం మళ్లీ చదివాను. ఆ ఊళ్లో ఆమె పేరు పక్కన ఎవరూ ఎప్పుడూ గారూ చేర్చి ఉండరు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నాకు మాత్రం కళ్లు చెమర్చాయి, తువ్వాలు అడ్డం ఉంది కాబట్టి బతికిపోయాను.

వాల్వు తిప్పారు. పైపులో గాలి బుసకొట్టుకుంటూ చివరిదాకా పోయింది. చాలాసేపటికి గరుసు చేన్లో స్ప్రింక్లరు గిర్రున తిరిగింది. అప్పటికి నా ల్యాప్‌టాప్ ఛార్జింగు అయిపోయి, దాని పాటికది కన్నుమూసింది. ఎవరూ గమనించలేదు. రెండో వంతు, మూడో వంతు ఎవరిదో అందరికీ నోటికే గుర్తుంది.

మర్నాడు ఆఫీసులో ఇంజనీరమ్మాయిని, "ఆరోజు రెండో సంగతి ఏదో చెప్పబోయావు, ఏంటమ్మా అది?" అని అడిగాను.

"ఏంలేదు సార్, ఎవురు ఏం నింపినా ఇది నిజమేనని నమ్ముతాదని" అంది.

ఆ ఏడు చివరి చేనామె పంట ఇంటికొచ్చింది. బెంగళూరు పోలేదు. నాకు శాలువా కప్పారు. పెద్దసారు ప్రసంగంలో యాప్ ఊసెత్తలేదు, అది ఆయన మంచితనం.

మరుసటి ఏడు, రిటైరయ్యాక, ఇంట్లో ఊరికే ఉండలేక కొత్త యాప్ కట్టాను. ఈసారి సర్వరు మీద పెట్టాను, మూత మూసినా చావదు. ప్రతివాళ్లకూ పాస్‌వర్డు. ఒక్కసారి నింపితే మార్చడానికి కుదరదు. అబద్ధం అనేదానికి సందు లేకుండా కట్టానని మురిసిపోతూ, తొలి తడి రోజున ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని ఆ ఊరికి పోయాను.

వాల్వు గట్టు చుట్టూ అందరూ కూర్చుని ఉన్నారు. చేతుల్లో ఫోన్లు లేవు. గట్టు మీద చివరి చేనామె కూర్చుని అడుగుతోంది. ఎదురుగా బోరు పెద్దాయన బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఆయన పేరు పెట్టి, "నమస్కారం" అని, చివర గారూ చేర్చి మొదలుపెట్టింది.

"నీ నేల ఏంది?"

"రేగడి."

"యా కార్తెలో ఏసినావు?"

"పునర్వసు."

"పదునై ఎన్నాళ్లాయ?"

నా పేజీలో పెట్టెలున్న వరస అదే. నేను తీసేయనివ్వని నమస్కారంతో సహా. నా పాత యాప్ చచ్చిపోయి ఏడాదైంది, దాని ఫంక్షన్ మాత్రం అక్కడ నడుస్తూనే ఉంది, ఛార్జింగు అవసరం లేకుండా.

ఆమె నన్ను చూసి, "రా సారూ, కూసో. ఆ సంచిలో ఏముండాది?" అంది.

సర్వరు, పాస్‌వర్డు అన్న మాటలు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయాయి. "ఏంలేదమ్మా, దారిలో తినడానికి సద్ది తెచ్చుకున్నా" అన్నాను.

"మరి తీ సారూ, అందరం తిందాం" అంది.

అందరూ సంచి వైపు చూస్తున్నారు. ఆ వాల్వు దగ్గర, అంతమంది ముందర, అబద్ధం నిలవదని నాకు ముందే తెలిసి ఉండాల్సింది.